అంచులతో సహా

1938 జనవరిలో చైనాలోని నాన్‌జింగ్ నగరంలో, హువాదోంగ్ అనే ఫోటో స్టూడియోకి ఒక జపాన్ సైనికాధికారి వచ్చి రెండు రీళ్ళు కడిగి ప్రింట్లు వేయమని ఇచ్చాడు. నగరం జపాన్ సైన్యానికి చిక్కి అప్పటికి కొద్ది వారాలే అయింది. ఆ స్టూడియోలో పని నేర్చుకుంటున్న లువో జిన్ అనే కుర్రాడు డార్క్ రూమ్‌లో ఫిల్ము కడిగి చూస్తే, అందులో తన దేశస్థుల తలలు నరుకుతున్న సైనికులు కనిపించారు. అధికారికి ఇవ్వాల్సిన ప్రింట్లు ఇచ్చేసి, ఇంకో వరస చాటుగా తన కోసం వేసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన రీళ్ళతోనూ అదే చేశాడు. వాటిలో పదహారు ఏరి చిన్న ఆల్బమ్‌గా కుట్టి దాచాడు. అది చేతులు మారి, గుడి గోడల్లో దాక్కుని, యుద్ధం ముగిశాక నాన్‌జింగ్‌లో జరిగిన యుద్ధ నేరాల విచారణలో సాక్ష్యంగా నిలబడింది. జర్మన్ల ఏలుబడిలో ఉన్న పోలండ్‌లోనూ స్టూడియో పనివాళ్ళు సైనికుల నెగెటివుల నుంచి ఇలాగే దొంగచాటుగా ప్రింట్లు తీసి బయటికి చేరవేశారు.

ఇవాళ స్కానర్ ముందు కూర్చున్నవాళ్ళు చేసే పనీ అదే. సైనికుడు తన కోసం తీసుకున్న బొమ్మను లోకం ముందు పెట్టడం. ప్రాణభయం ఒక్కటే లేదు. అటక మీది అట్టపెట్టెలోనో, పాత సామాన్ల వేలంలోనో నెగెటివులు దొరుకుతాయి. కొన్న మనిషి రాత్రికి స్కాన్ చేసి తెల్లారేసరికి లోకానికి చూపిస్తాడు. మంచిదే. కానీ గత ముప్ఫై ఏళ్ళలో ఈ దారిలో జరిగినవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి గట్టిగా తోస్తోంది. ఒక్క ఫోటోని దాని వరసలోంచి తెంపి పంచిపెట్టిన చోటే ఎక్కువ తప్పులు దొర్లాయి. రీలంతా, ముందువెనకలు చెడకుండా, అంచు మీది గీతలూ కవరు మీది రాతలూ పోకుండా దాచిన చోట ఆ బొమ్మలు సాక్ష్యంగా నిలిచాయి.

కెమెరా సైనికుడి జేబులోకి ఎప్పుడు వచ్చింది? 1912లో కొడాక్ సంస్థ వెస్ట్ పాకెట్ కొడాక్ అనే మడత కెమెరాని అమ్మకానికి పెట్టింది. మూసేస్తే కోటు జేబులో పడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే దాన్ని 'సైనికుడి కొడాక్' అని ప్రకటనల్లో ఊదరగొట్టారు. కాస్త తర్వాత వచ్చిన ఆటోగ్రాఫిక్ రకంలో ఒక ముచ్చటైన ఏర్పాటు ఉండేది. కెమెరా వెనక సన్నటి తలుపు, దానికి ఒక లోహపు పుల్ల. ఫోటో తీశాక తలుపు తెరిచి, లోపల ఫిల్ము వెనక ఉన్న కాగితం మీద ఆ పుల్లతో ఊరి పేరో తేదీయో రాసి, కాసేపు వెలుతురు తగలనివ్వాలి. ఫిల్ము కడిగినప్పుడు ఆ చేతిరాత రెండు ఫోటోల మధ్య ఖాళీలో తేలుతుంది. కందకంలో నిలబడి ఒక మనిషి అప్పటికప్పుడు రాసిన రాత అది. నూరేళ్ళ తర్వాత దాన్ని మించిన ఆధారం ఏముంటుంది? అయినా చాలా స్కానర్లతో వచ్చే ప్లాస్టిక్ చట్రం సరిగ్గా ఆ ఖాళీనే కప్పేస్తుంది. కప్పకపోతే సాఫ్ట్‌వేర్ 'శుభ్రంగా' కత్తిరించేస్తుంది. ఫోటో మిగులుతుంది, ఊరి పేరు పోతుంది.

అసలు సైనికులు ఫోటోలు తీయడం పై అధికారులకు ఎప్పుడూ గిట్టలేదు. 1914 క్రిస్మస్ నాడు పశ్చిమ రణరంగంలో బ్రిటిష్, జర్మన్ సైనికులు కందకాల్లోంచి బయటికొచ్చి కలిసి నిలబడ్డ ఫోటోలు 1915 జనవరిలో లండన్ పత్రికల్లో అచ్చయ్యాయి. అప్పటికే బ్రిటిష్ సైన్యం రణరంగంలో సొంత కెమెరాలు వద్దని ఆజ్ఞ ఇచ్చింది. తర్వాత దాన్ని ఇంకా బిగించింది. దొరికితే శిక్ష. అయినా తీశారు. అందుకే ఆ కాలపు నెగెటివుల్లో చాలావాటికి తీసినవాడి పేరు ఉండదు. దాచుకుని తీసినవాడు పేరు రాసుకోడు కదా. రెండో యుద్ధంలో జర్మన్ సైన్యం దీనికి భిన్నం. సైనికులు ఫోటోలు తీసుకోవడాన్ని అక్కడ మొత్తం మీద ప్రోత్సహించారు. కెమెరా, ఫిల్ము కంపెనీలు వాళ్ళనే ఉద్దేశించి ప్రకటనలు వేశాయి. ఆ దేశపు ఇళ్ళలో ఆల్బములు అంతగా మిగలడానికి కారణం అదే.

వాళ్ళలో హైంజ్ యోస్ట్ అనే సార్జెంట్ కథ, ఒక్క ఫోటోనా వరసా అన్న ప్రశ్నకి నడిబొడ్డున ఉంది. 1941 సెప్టెంబర్ 19 అతని పుట్టినరోజు. ఆ రోజు కెమెరా పట్టుకుని వార్సా నగరంలో యూదుల్ని బంధించిన ఘెట్టోలోకి నడిచి వెళ్ళి, ఒక్క రోజులో వందకు పైగా ఫోటోలు తీశాడు. బతికున్నవాళ్ళని, ఆకలితో వీధిలో కూలబడ్డవాళ్ళని, శవాల బండ్లని, సమాధుల గోతుల్ని. నలభై ఏళ్ళు ఎవరికీ చూపకుండా దాచి, 1980ల మొదట్లో ఒక జర్మన్ పాత్రికేయుడి చేతిలో పెట్టాడు. ఆ ఫోటోలకి బలం ఎక్కడిది? ఏ ఒక్క ఫోటో గొప్పతనంలోనూ లేదు. ఒక మనిషి, ఒక రోజు, ఒకే నగరం. వరసగా చూస్తూ పోతే ఆ వీధుల్లో మనమే నడుస్తున్నట్టు అవుతుంది. అడుక్కుంటున్న పిల్ల ఒక్కతే ఉన్న ఫోటో మనకి జాలి పుట్టిస్తుంది. ఆ పిల్ల పక్కనుంచి జనం ఎలా నడిచిపోతున్నారో, ఆ వీధి చివర ఏముందో వరస చెబుతుంది.

వరసలో లేనివి కూడా మాట్లాడతాయి. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయిలో అమెరికన్ సైనికులు ఊరివాళ్ళని వందల సంఖ్యలో చంపినప్పుడు, సైన్యపు ఫోటోగ్రాఫర్ రొనాల్డ్ హెబర్లీ అక్కడే ఉన్నాడు. సైన్యం ఇచ్చిన కెమెరాలో నలుపు తెలుపు ఫిల్ము, మెడలో తన సొంత కెమెరాలో రంగుల ఫిల్ము. మొదటిది సైన్యానికి అప్పగించాడు, రెండోది తన దగ్గరే ఉంచుకున్నాడు. 1969 నవంబర్‌లో క్లీవ్‌లాండ్ పత్రికలో, డిసెంబర్‌లో లైఫ్ పత్రికలో అచ్చయి లోకాన్ని కుదిపేసినవి ఆ సొంత కెమెరాలోవే. ఎన్నో ఏళ్ళు గడిచాక, 2009లో, అతనే ఒక మాట ఒప్పుకున్నాడు: సైనికులు చంపుతూ ఉండగా తీసిన కొన్ని ఫోటోలు తానే నాశనం చేశానని. నెగెటివ్ ఫిల్ము అంచున ఫ్రేము అంకెలు ముద్రించి ఉంటాయి. పన్నెండు తర్వాత పదిహేను వస్తే నడుమ ఏదో కత్తెరకి పోయిందన్నమాట. స్కాన్ చేసిన ఫోటోకి 1, 2, 3 అని కొత్త అంకెలు తగిలించి పాత అంకెలు వదిలేస్తే ఆ ఖాళీ సంగతి ఇక ఎప్పటికీ తెలియదు.

వీటన్నిటికీ ముందు ఫిల్ము బతకాలి. పాత ఫిల్ముల్లో ఒక రకం నైట్రేటు. 1950ల తొలి రోజుల దాకా ఏదో ఒక రూపంలో తయారైంది. చెడిపోతున్నకొద్దీ పసుపు తిరిగి, జిగటగా మారి, చివరికి గోధుమరంగు పొడి అవుతుంది. అంటుకుంటే మండటానికి బయటి గాలి కూడా అక్కర్లేదు. దానిలోనే ఆక్సిజన్ పుడుతుంది, విషవాయువులు వెలువడతాయి. 1929లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో నైట్రేటు ఎక్స్‌రే ఫిల్ములు అంటుకుని 123 మంది పోయారు. అంచున 'నైట్రేట్' అన్న ముద్ర కనిపిస్తే ఆ పెట్టెని ఇంట్లో పొయ్యికీ దీపానికీ దూరంగా పెట్టి, తెలిసినవాళ్ళకి చూపించాలి. తర్వాతి రకం ఎసిటేట్. దాని అంచున 'సేఫ్టీ' అని ఉంటుంది. అది నైట్రేటులా భగ్గున మండదు గానీ కుళ్ళుతుంది. డబ్బా మూత తీయగానే ముక్కుకి వెనిగర్ వాసన కొడితే కుళ్ళు మొదలైనట్టే. ఆ ఆమ్లం మళ్ళీ కుళ్ళుని ఎగదోస్తుంది, పక్కనున్న మంచి రీళ్ళకీ అంటుతుంది. ఆధారపు పొర ముడుచుకుపోయి, పైన బొమ్మ ఉన్న పూత వరి మడి గట్లలా లేచి నిలబడుతుంది. 21 డిగ్రీల చల్లదనంలో, గాలిలో తేమ సగమే ఉన్న గదిలో కొత్త ఎసిటేట్ ఫిల్ముకి ఈ జబ్బు పట్టడానికి దాదాపు 40 ఏళ్ళు పడుతుందని అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ఫిల్ముల మన్నికపై పనిచేసే సంస్థ లెక్క కట్టింది. మన కోస్తా ఉక్కపోతలో అంత గడువు ఎక్కడిది.

కడగని రీళ్ళది ఇంకో దారి. అమెరికాలో 'రెస్క్యూడ్ ఫిల్మ్ ప్రాజెక్ట్' నడిపే ఫోటోగ్రాఫర్ 2014లో ఒహాయోలోని వేలంలో రెండో ప్రపంచ యుద్ధపు సైనికుడు తీసిన 31 రీళ్ళు కొన్నాడు. తీసినవాడెవరో తెలియదు. ఏడు దశాబ్దాలు చీకట్లో ఉన్న ఆ ఫిల్ముని తనే కడిగాడు. కొన్నిటిలో ఏమీ మిగల్లేదు. మిగిలినవాటిలో ఓడరేవులు, గుడారాలు, ప్రార్థనకి కూడిన సైనికులు మసకమసకగా తేలారు. ఆ రీళ్ళ మీది చీటీలను కూడా అతను దాచి చూపించాడు. వాటి మీద రేవుల పేర్లున్నాయి కాబట్టే ఆ సైనికుడు ఎక్కడెక్కడ తిరిగాడో కొంతైనా పోల్చుకోగలిగాం.

స్కానింగ్ పని గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, నాలుగు మాటలు తప్ప. 35 ఎంఎం ఫిల్ముని అంగుళానికి నాలుగు వేల చుక్కల చొప్పున తీస్తే రెండు కోట్ల పిక్సెళ్ళు వస్తాయి, ఇంటి అవసరానికి అది చాలు. వెస్ట్ పాకెట్ కొడాక్ నెగెటివ్ దానికన్నా పెద్దది, 2,400 పెట్టినా అంతే వస్తుంది. అసలు ప్రతిని టిఫ్‌గా దాచి, పంచుకోవడానికి వేరే చిన్న ప్రతి చేసుకోవాలి. దుమ్ము, గీతలు తీసేసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం వెండి ఉన్న నలుపు తెలుపు ఫిల్ము మీద పనిచేయదు. వెండి ఆ కిరణాల్ని ఆపేస్తుంది కాబట్టి బొమ్మనే గీత అనుకుని చెరిపేస్తుంది. దాన్ని ఆపేయాలి. నెగెటివ్ తిరగబడితే కుడి ఎడమలు మారిపోతాయి. ఆ కాలపు రైఫిల్ బోల్టు పిడి దాదాపు ఎప్పుడూ కుడివైపే ఉంటుంది. ఫోటోలో ఎడమవైపు కనిపిస్తే ఫిల్ముని తిప్పి మళ్ళీ పెట్టాలి. స్కాన్ అయ్యాక నెగెటివ్ పారేయకూడదు. ఇప్పటి ఫైలు పదేళ్ళకి తెరుచుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

అసలు గొడవంతా పంచుకోవడంలో ఉంది. బాగా జరిగినప్పుడు ఎంత బాగుంటుందో ఫ్రాన్స్‌లోని విన్యాకూర్ గ్రామం చూపించింది. అక్కడ ఒక రైతు దంపతులు మొదటి ప్రపంచ యుద్ధంలో, ముందు వరసల నుంచి విరామానికి వచ్చిన సైనికులకి ఫోటోలు తీసేవారు. అవి సైనికులు తీసినవి కావు, నిజమే. కానీ పంచుకునే పద్ధతి నేర్చుకోవాలంటే అక్కడే నేర్చుకోవాలి. వాళ్ళ అటక మీద నాలుగు వేల దాకా గాజు నెగెటివులు 2011లో బయటపడ్డాయి. వాటిలో ఆస్ట్రేలియన్ సైనికులవి ఫేస్‌బుక్‌లో పెట్టగానే, ఇది మా తాత, ఇది మా ముత్తాత అని జనం పేర్లు చెప్పసాగారు. ఎనిమిది వందల దాకా గాజు పలకలు కాన్‌బెర్రాలోని యుద్ధ స్మారక సంస్థకి చేరాయి. పేరు లేని ముఖానికి పేరు పెట్టే పని పండితుడు ఒక్కడే చేయలేడు. దానికి ఇంటివాళ్ళు కావాలి. అదే ఏడాది మొదలైన యూరోపియానా 1914-1918 కార్యక్రమం కూడా ఇలా ఊళ్ళలో కూర్చుని, జనం తెచ్చిన ఫోటోలూ ఉత్తరాలూ అక్కడికక్కడే స్కాన్ చేసి, వస్తువుల్ని తిరిగి ఇచ్చేసింది. ఇంటివాళ్ళు చెప్పిన కథనీ రాసుకుంది. ఆ కథ లేకపోతే సగం వృథా.

చెడ్డప్పుడు ఎంత చెడుతుందో హాంబర్గ్ చెప్పింది. అక్కడి సామాజిక పరిశోధనా సంస్థ 1995లో జర్మన్ సైన్యం నేరాల మీద ప్రదర్శన పెట్టింది. పద్నాలుగు వందల దాకా ఫోటోలు, వాటిలో ఎన్నో సైనికులు స్వయంగా తీసినవి. నేరాలన్నీ హిట్లర్ ప్రత్యేక దళాలవే, మామూలు సైన్యం చేతులు శుభ్రం అన్న నమ్మకాన్ని అది బద్దలు కొట్టింది. లక్షలాది జనం చూశారు. ఊరేగింపులు తీశారు, తిట్టుకున్నారు. 1999లో బొగ్దాన్ ముసియల్ అనే పోలిష్ చరిత్రకారుడు, మరికొందరు కొన్ని ఫోటోల కింది రాతలు తప్పని నిరూపించారు. అందులో కొన్ని శవాలు జర్మన్లు రాకముందే సోవియట్ రహస్య పోలీసులు చంపినవాళ్ళవి. ప్రదర్శన ఆగిపోయింది. చరిత్రకారుల సంఘం ఏడాది పాటు పరీక్షించి, అసలు వాదన నిజమేనని, ఆ ప్రదర్శనలో ఉండకూడనివి ఇరవై లోపేనని, కానీ ఫోటోల్ని వాడిన తీరు అజాగ్రత్తగా ఉందని తేల్చింది. పద్నాలుగు వందల్లో ఇరవై. ఆ ఇరవై చాలు, నేరమే జరగలేదని చెప్పదలచుకున్నవాళ్ళకి. 2001లో కొత్తగా పెట్టిన ప్రదర్శనలో ఫోటోలు బాగా తగ్గించి, ప్రతిదాని పుట్టుపూర్వోత్తరాలు రాశారు. ఇవాళ ఫోన్లో ఏ ఆధారమూ లేని శవాల ఫోటో ముందుకు తోసేవాళ్ళు ఈ కథ ఒకసారి తెలుసుకోవాలి.

నెదర్లాండ్స్‌లో 2012లో ఎన్షెడె పట్టణంలో చెత్తతొట్టిలో ఒక ఆల్బమ్ దొరికింది. 1940ల చివర ఇండోనేషియా స్వాతంత్ర్య పోరాటాన్ని అణచడానికి వెళ్ళిన ఒక డచ్ సైనికుడిది. అందులో మనుషుల్ని గోతి అంచున కాల్చి చంపుతున్న రెండు ఫోటోలు ఉన్నాయి. పత్రికల్లో రాగానే, అర్ధశతాబ్దం పైగా ఆ దేశం మాట్లాడకుండా దాటేసిన సంగతి మీద పెద్ద చర్చ రేగింది. ప్రభుత్వ ఖర్చుతో పరిశోధన జరిగి, 2022 ఫిబ్రవరిలో ప్రధాని ఇండోనేషియాకి క్షమాపణ చెప్పాడు. ఇందులో ఆ రెండు ఫోటోల పాత్ర ఎంతో కొలవలేం. కానీ ఆ ఇంటివాళ్ళు పారేసింది మరొకరు తీసి చూడకపోతే అవి చెత్తబండిలో పోయేవి.

ఇక తీసినవాడి గుండె సంగతి. వియత్నాంలో 1968, 69లలో ఫోటోలు తీసిన చార్లీ హాఘీ అనే అమెరికన్ సైనికుడి నెగెటివులు రెండు వేల దాకా నాలుగు దశాబ్దాలకి పైగా డబ్బాల్లో ఉండిపోయాయి. 2012లో స్కాన్ చేసి తెర మీద వరసగా చూసినప్పుడు ఆయనకి నిద్ర పట్టలేదు, మనసు చెదిరింది. అయినా ఆ పని ఆపలేదు. పాత సైనికులు కూడా తోడుగా కూర్చుంటే 2013లో పోర్ట్‌లాండ్‌లో ప్రదర్శన పెట్టారు. ముసలి సైనికుడి ముందు ఆయన నెగెటివులు తెరిచేటప్పుడు ఇంట్లోవాళ్ళు పక్కన ఉండాలి. అడగకూడనిది అడగకూడదు.

ఫోటోలో ఉన్నవాళ్ళ మాటేమిటి? సైనికుడి నెగెటివుల్లో చాలామంది ఫోటో తీయించుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళు కారు. బందీలు, గాయపడ్డవాళ్ళు, ఒంటి మీద బట్ట లేని ఆడవాళ్ళు, శవాలు. యుద్ధఖైదీల్ని జనం వింతగా చూడటానికి వదలకూడదని 1949 జెనీవా ఒప్పందం చెబుతోంది. ఆ స్ఫూర్తి పాత ఫోటోలకీ వర్తిస్తుందని నా నమ్మకం. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ ప్రభుత్వ కాలంలో టువోల్ స్లెంగ్ చెరసాలలో చంపబోయేముందు తీసిన ఖైదీల ఫోటోలు వేలు మిగిలాయి. తీసింది ఆ ప్రభుత్వపు మనుషులే. 2021లో ఒక కళాకారుడు వాటికి రంగులు వేసి, కొన్ని ముఖాలకి చిరునవ్వు తగిలించాడు. ఒక పత్రిక అచ్చేసింది. చావుకి ముందు నిలబడ్డ మనిషి ముఖాన నవ్వు! కంబోడియా ప్రభుత్వం, బాధిత కుటుంబాలు మండిపడితే వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు కృత్రిమ మేధ అడగకుండానే పళ్ళు, కనురెప్పలు, చర్మం కల్పిస్తోంది. మసకగా ఉన్నదాన్ని మసకగానే చూపించాలి. రంగులు వేసి తీరాలనుకుంటే అసలుది పక్కనే పెట్టాలి.

హక్కుల సంగతి చాలామందికి తెలియదు. నెగెటివ్ కొన్నంత మాత్రాన కాపీరైటు రాదు. మన దేశంలో ప్రస్తుత చట్టం ప్రకారం మామూలుగా ఫోటో తీసినవాడు చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. పాత 1911 నాటి చట్టంలో మాత్రం నెగెటివ్ తయారైనప్పుడు అది ఎవరి సొత్తో అతనే కర్త. ఇంతకంటే పెద్ద బెడద బజారు. వేలంలో కొన్న రీలుని ముక్కలు చేసి, యుద్ధ ట్యాంకు ఉన్నదొక ధర, శవం ఉన్నదొక ధర, కుటుంబం ఉన్నది ఊరికే అని విడివిడిగా అమ్ముతారు. రెండు చేతులు మారేసరికి ఏది ఏ రీలుదో చెప్పేవాడుండడు. స్కానర్ ఉన్నవాళ్ళు కొనేముందు రీలంతా కలిపి అడగాలి. కుదరకపోతే కనీసం మిగతా ముక్కల బొమ్మలైనా తీసి పెట్టుకోవాలి.

మన వైపుకొస్తే కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో 25 లక్షల మంది ఉన్నారు. కానీ జీతం డబ్బులు ఇంటికి పంపే సిపాయి కెమెరా ఎక్కడ కొంటాడు. మన వీధుల్ని తీసింది ఎక్కువగా బయటినుంచి వచ్చిన సైనికులు. అమెరికన్ సైన్యంలో ఫోటో పనివాడైన గ్లెన్ హెన్స్‌లీ 1944లో కలకత్తా బజార్లు, రిక్షాలు, పేవ్‌మెంటు మీది జనాన్ని తీశాడు. మరో సైనిక ఫోటోగ్రాఫర్ క్లైడ్ వాడెల్ అరవై ఫోటోల ఆల్బమ్ చేశాడు. ఇవి ఇవాళ అమెరికన్ విశ్వవిద్యాలయాల ద్వారా ఎవరైనా చూడొచ్చు. అవి బయటివాడి కంటితో చూసినవే, వాటిలోని ఎగతాళినీ తెలియనితనాన్నీ గుర్తుపెట్టుకునే చూడాలి. అయినా 1943 కరువు దాటిన ఆ నగరపు వీధి ముఖం ఇంకెక్కడ దొరుకుతుంది?

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి పెద్దవాళ్ళు ఇప్పటికీ కథగా చెబుతారు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం అని పేరు పడ్డ ఊళ్ళో ఇంటింటికీ సైన్యంలో పనిచేసినవాళ్ళున్నారు, తరాలుగా. మద్రాస్ రెజిమెంటులో, మద్రాస్ సాపర్స్‌లో తెలుగువాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. 1960ల నుంచి మన జవాన్ల దగ్గరా కెమెరాలు కనిపించసాగాయి. క్యాంపులో స్నేహితులు, మంచులో లారీ, పంజాబ్‌లో ఏదో గుడి మెట్ల మీద గుంపు. ఆ రీళ్ళు సెలవుకి వచ్చినప్పుడు ఊరి స్టూడియోలో కడిగించుకున్నవే. ప్రింట్లు ఆల్బమ్‌లో అతికించి, నెగెటివులు స్టూడియో కవరులో ట్రంకు పెట్టె అడుగున పడేశారు. ఎక్స్‌రే ఫిల్ములతో పాటు పాత నెగెటివుల్నీ వెండి కోసం కొనే వ్యాపారులు ఉన్నారు. ఊళ్ళో స్టూడియోలు మూతపడ్డప్పుడు ఎన్నో ఆ కాటాకే ఎక్కాయి.

కాబట్టి ముందు ట్రంకు పెట్టె తెరిచి ఆ కవరు బయటికి తీయండి. దాని మీది స్టూడియో పేరు, బిల్లు నంబరు కూడా ఫోటో తీయండి. ముక్కల వరస మార్చకండి. మొత్తం రీలుని అంచులతో సహా ఒకే బొమ్మగా తీసి, తర్వాతే విడివిడిగా స్కాన్ చేయండి. 1971 యుద్ధంలో ఇరవై ఏళ్ళున్న జవానుకి ఇప్పుడు డెబ్బై అయిదుకి అటూ ఇటూ. ఆయన్ని కూర్చోబెట్టి ఒక్కో ఫోటో చూపిస్తూ అడగండి: ఏ ఊరు మామయ్యా, ఏ ఏడాది, ఎడమ నుంచి మూడోవాడు ఎవరు, ఏ ఊరివాడు, ఈ ఫోటో ఎవరు తీశారు? ఆయన చెప్పిందంతా ఫోన్లో రికార్డు చేసి, ఫ్రేము అంకె పక్కన రాసుకోండి.